మోతలో చెప్పిన మాట

“నువ్వు క్షమాపణ అడగవలసిన మనిషి ఇంకా ఎవరైనా మిగిలి ఉన్నారా?” చిక్కుడుకాయలు తుంచుతూ, పెద్ద పాస్టరుగారి గొంతు తెచ్చిపెట్టుకొని భర్తను అడిగింది కరుణ.

“లే... లేరు,” అన్నాడు దేవదాస్.

“గీ ఒక్క దగ్గర ఎందుకాగుతవయ్యా? బైబిల్ల ఏది అడిగినా గడగడ చెప్తివి. గిక్కడికొచ్చేసరికి గొంతుల ముల్లు ఇరికినట్టు చేస్తవ్.”

అతడు చొక్కా తొడుక్కొని మరమగ్గాల కార్ఖానాకు బయలుదేరాడు. మరునాడే ఇంటర్వ్యూ. సూరత్‌లోని తమ తెలుగు సంఘానికి అతణ్ణి పాస్టరుగా అభిషేకించాలా వద్దా అన్నది పెద్దలు అక్కడే తేలుస్తారు. అంతకుముందే, సంఘానికి చెందని మనిషినొకణ్ణి అభ్యర్థి నడవడి గురించి విచారించడం వారి ఆచారం. ఆ మనిషిగా, కార్ఖానాలో మగ్గం నడిపే నరేశ్ పేరు ఇప్పించింది కరుణే. ఎవరి గురించీ చెడ్డమాట అనడని ఆమె నమ్మకం. వద్దనడానికి దేవదాస్‌కు ఒకే ఒక్క కారణం ఉంది. దాన్ని పైకి చెప్పలేడు.

నరేశ్ కుడిచేతికి రెండు వేళ్ళు లేవు. అదే ఆ కారణం.

ఇంటి దగ్గర కోసాడ్‌లో ఎక్కిన షేర్ ఆటో అతణ్ణి కార్ఖానా ఉన్న లింబాయత్ సందు మొగలో దింపింది. కార్ఖానాలో దేవదాస్ పని బట్ట తనిఖీ. అది వేరే గది. అయినా కొన్ని వారాలుగా, అన్నం తినగానే అతడు మగ్గాల షెడ్డులోకి వచ్చి నిలబడుతున్నాడు. గొంతు చించుకున్నా పక్కవాడికి వినపడని చోటు అది. మగ్గాలవాళ్ళు మాత్రం అంత మోతలోనూ దూరం నుంచి ఒకరి ముఖమొకరు చూసుకొని నవ్వుకునేవారు. ఏం చెప్పుకొని నవ్వుకుంటారో తనిఖీ గదివాడికి అంతుపట్టేది కాదు.

ఇంట్లో అతడు అబద్ధాన్ని సాధన చేసేవాడు. ఇక్కడ నిజాన్ని. ఎదుటి వరుసలో పని చేస్తున్న నరేశ్ ముఖంలోకి చూస్తూ, పూర్తి గొంతుతో చెప్పేవాడు: “ఆ దినం బట్ట చూడనీకొచ్చి, బటన్ నొక్కి మగ్గం చాలు చేసింది నేనే నరేశ్. నువ్వు తెగిన పోగు అతుకుతున్నవని చూసుకోలే. తప్పు నీదేనని సేటుకు చెప్పింది గూడ నేనే.”

నరేశ్ తలెత్తి చూసి, మెల్లగా తల ఊపేవాడు. పలకరింపు కాబోలనుకొని దేవదాస్ కూడా తల ఊపేవాడు. నిజం చెప్పడానికి తనకు ఇంత చప్పుడు కావలసివచ్చిందే అని లోలోపల కుంగిపోయేవాడు. తన పరధ్యానమే తన వేళ్ళను తిన్నదని నరేశ్ అందరితో నవ్వుతూ చెప్పుకునేవాడు. ఈ మధ్య ఎందుకో ఆ మాట మానేశాడు.

ఆనాడు దేవదాస్ ఇంకొక్క అడుగు వేయాలనుకున్నాడు. ఎన్నడూ పలకని చివరి వాక్యాన్ని పలకాలనుకున్నాడు. అంతా చెప్పి, “నన్ను...” అన్నాడో లేదో, కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఒక్క పెట్టున ఆగాయి. తరువాతి మాటను పళ్ళ మధ్యే కొరికి పట్టాడు దేవదాస్.

ఎవరూ వినలేదు. అమ్మయ్య అనుకున్నాడు. ఆ వెంటనే, తప్పు కన్నా ఈ ఊరటే నీచమైనదని తోచి తల వాలిపోయింది.

నరేశ్ మూడు వేళ్ళతో రెండు చాయ్ గ్లాసులు ఒడుపుగా పట్టుకొని వచ్చాడు. పొద్దున సంఘం పెద్దలు ఫోన్ చేశారని, చాలాసేపు మాట్లాడారని చెప్పాడు.

“ఏమడిగిండ్రు?” దేవదాస్ గ్లాసు అందుకోలేదు.

“నువ్వెసొంటోనివని అడిగిండ్రు. మంచోడే అన్న. అబద్ధమాడుతడా అని గూడ అడిగిండ్రు.”

“నువ్వేమన్నవ్?”

“మగ్గాలు నడిచినంత సేపు ఒక్క అబద్ధం ఆడంగ చూడలేదన్న.”

“చూసుడేంది?”

నరేశ్ అతడి చేతిలో గ్లాసు పెట్టి, పక్కనే కూర్చున్నాడు.

“మేం మగ్గాలోళ్ళం గద అన్నా, మోతల పెదాలు చూసే మాట పట్టుకుంటం. ఇయ్యాల ‘నన్ను’ అని ఆగినవ్. కరెంటొచ్చేలోపు ఆ మిగిలిన మాట చెప్పు. ఇన్ని దినాలు కండ్లతోనే ఇంటున్న, జర చెవులతోని ఇంట.”