రోజుకొక పేజీ

పొద్దున్నే మట్టిపొయ్యి ముందు రొట్టెలు కాల్చడానికి కూర్చున్న ఉమ్ లుయీ ఆ పుస్తకంలోంచి మరో పేజీ చింపి ఒళ్లో పెట్టుకుంది. రొట్టెపిండి పళ్లెంతో వరుస చివర నిలబడ్డ జుహైర్ మాస్టారు అది నలభై ఒకటో పేజీ అని దూరం నుంచే పోల్చుకున్నారు. ఆ కవితలు ఆయనవే.

వెనకటి యుద్ధంలో నీళ్ల కోసం బిందెలతో నిలబడ్డ మనుషుల మీద రాసినవి. సొంత ప్రతులన్నీ ఇంటితోపాటే శిథిలాల కింద పోయాయి. బడి గ్రంథాలయానికి ఇచ్చిన ఈ ఒక్కటే మిగిలింది. ఇప్పుడా బడినిండా, ఆవరణలోని గుడారాలనిండా తలదాచుకున్నవాళ్లు. కట్టెలు దొరక్క గ్రంథాలయం మొత్తం మట్టిపొయ్యి దగ్గరికి వచ్చింది. పద్యం కన్నా రొట్టె ముందని తరగతిలో తానే చెప్పినవారు కాబట్టి, దానికి ఆయన తప్పుపట్టలేదు.

ఆయన కడుపుమంట రెండో పుస్తకం మీద. ప్లాస్టిక్ సంచిలో చుట్టి, వాన తగలకుండా గూట్లో భద్రపరిచిన ఆ పుస్తకం రాఘిబ్ కవితలది. పదిహేనేళ్లు పక్క తరగతిలో పాఠం చెప్పిన రాఘిబ్, సరిహద్దు మూయకముందే కైరో చేరి, అక్కడినుంచి ఈ గుడారాల మీద రేడియోలో కవితలు చదువుతున్నాడు.

“పెళ్లికూతురి నగల్లా దాచింది చూశారా, ఉస్తాద్?” ముందు నిలబడ్డ అబూ తమీమ్ వెనక్కి తిరిగి ఎత్తిపొడిచాడు. “మీవైతే రొట్టెకు మంచి రంగు తెస్తున్నాయి.”

మాస్టారు పళ్లెం చేయి మార్చుకుని పొయ్యివైపు చూశారు.

భూగోళం, లెక్కల పుస్తకాలను ఆమె గుప్పెళ్లతో పొయ్యిలో కుక్కేది. ఆయన పుస్తకం మాత్రం రోజుకొక పేజీ. అవమానానికి కూడా వాయిదాలా అనుకునేవారాయన. ఆమె పొద్దుటినుంచీ పెదవులు కదుపుతూనే రొట్టెలు తట్టేది. దువా చదువుతోంది కాబోలని, దేవుణ్ణి నమ్మని మాస్టారు సరిపెట్టుకున్నారు. చివరి వాయికి ఆ పేజీ నిప్పులో పడేది.

ఇవాళా పడింది. ఇంకా పదే పేజీలు. ఇవ్వమంటే ఇచ్చేదేమో, అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. పైకి మరో మాట వచ్చింది.

“ఉమ్ లుయీ, ఆ సంచిలోదాని అట్ట మందం. బాగా మండుతుంది.”

“దాన్ని అప్పుడే కాల్చలేను, ఉస్తాద్.”

“నలభై రోజులుగా నాది కాలుస్తున్నావుగా. నా దగ్గర లేని మొహమాటం రాఘిబ్ దగ్గరెందుకు?”

ఆమె చివరి రొట్టె తీసి, బూడిద దులిపి, ఆయన పళ్లెంలో పెట్టింది. తలెత్తి చూడటానికి సిగ్గుపడినట్టుంది.

“కంఠతా వచ్చిన పేజీనే కాలుస్తాను, ఉస్తాద్.”