పరిగెత్తిన మనిషి

రెబ్కాను చంపింది కాంట్రాక్టు మనిషే. దానయ్యకు అందులో అనుమానమేమీ లేదు.

మిరపకోతకు వెళ్ళిన రెబ్కా మీద కరెంటు తీగ తెగి పడింది. దగ్గర్లో స్తంభాల పని చేస్తున్న కాంట్రాక్టరు మనిషి ఒకడు ఆమెను చూశాడు. చూసి, వెనక్కి తిరిగి పరిగెత్తాడు.

పత్తి చేలోంచి వస్తూ దానయ్య కళ్ళారా చూశాడు. ముఖం కనపడలేదు. వీపు చూశాడు.

తను వెళ్ళి భార్యను రెండు చేతులా ఎత్తేసరికి తీగలో కరెంటు లేదు. ఆమెలో ప్రాణమూ లేదు.

"కరెంటు తీసిందెవరు?" అని తర్వాత పాస్టరు గారు అడిగారు.

"దేవుడు. కాస్త ఆలస్యంగా," అన్నాడు దానయ్య. చర్చికి వెళ్ళడం కూడా ఆ తర్వాత తగ్గించాడు.

ఏళ్ళు గడిచాయి. ఇప్పుడు కొడుకు ఇమ్మానుయేలు అదే పనికి కాంట్రాక్టరు దగ్గర చేరతానంటున్నాడు.

"గుంటూరు బ్రాడీపేటలో లైన్‌మన్ కోచింగు అయిపోయింది నాన్నా. గవర్నమెంటు నోటిఫికేషన్ ఎప్పుడొస్తదో ఎవరికీ తెలీదు. కాంట్రాక్టరు సోమవారం రమ్మన్నాడు."

"చేరితే నన్ను నాన్నా అని పిలవమాక."

"ఎక్కేది అదే స్తంభం గదా!"

"ఎక్కేది అదే. దిగేటప్పుడు తెలుస్తది. గవర్నమెంటోడికి ఉద్యోగం పోద్దన్న భయం ఉంటది. అందుకని నిలబడతాడు. కాంట్రాక్టోడికి పోయేదేముంది? పరిగెడతాడు. మీ అమ్మను వదిలేసి పరిగెత్తలా?"

ఇమ్మానుయేలు బయటికి వెళ్ళిపోయాడు.

ఆదివారం మధ్యాహ్నం ఒక కొత్త మనిషి గుమ్మం ముందుకు వచ్చాడు. మండుటెండలో పొడుగు చేతుల చొక్కా. ఎడమచేతిలో ప్లాస్టిక్ కవరు. కుడిచెయ్యి ప్యాంటు జేబులో.

"దానయ్య గారిల్లు ఇదేనాండీ?"

"నేనే. కూర్చో."

దానయ్య గ్లాసుతో నీళ్ళిచ్చాడు. ఆ మనిషి కవరు కింద పెట్టి, గ్లాసు ఎడమచేత్తో అందుకున్నాడు.

దానయ్య చురుక్కున చూశాడు. "మా ఇంట్లో నీళ్ళు కుడిచేత్తో పుచ్చుకుంటే మైల పడతావా?"

"అయ్యో, అదేం లేదండి." నీళ్ళన్నీ తాగేశాడు. చెయ్యి మాత్రం జేబులోంచి తియ్యలేదు.

"ఏం పనిమీద వచ్చావ్?"

"మీ అబ్బాయి కాంట్రాక్టరు దగ్గర చేరుతున్నాడని విన్నానండి. నేనూ ఒకప్పుడు అక్కడ చేసినోణ్ణే."

"అయితే పరిగెత్తడం నీకూ వచ్చన్నమాట."



"ఆ పనిలో పరిగెత్తాల్సిందేనండి. నిలబడి చూస్తా ఉంటే ఇంకో మనిషి పోతాడు."

"ఓహో! పారిపోడానికి పాఠాలు కూడా ఉన్నాయా?"

ఆ మనిషి కవరు తీసి ముందుకు చాపాడు. "రబ్బరు గ్లవ్సులండి. కాంట్రాక్టరు ఇస్తాడో ఇవ్వడో. అబ్బాయిని ఇవి వేసుకునే పని చెయ్యమనండి."

చాపింది మళ్ళీ ఎడమచెయ్యే.

"కొత్తగా పనిలో చేరే బిడ్డకి ఎడమచేత్తో ఇస్తావా? జేబులోంచి ఆ చెయ్యి తీస్తే అరిగిపోద్దా? లే. నడువ్."

ఆ మనిషి కవరు అరుగు మీద పెట్టి, ఎడమచేత్తోనే దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

కాసేపటికి వీరబాబు వచ్చాడు. గవర్నమెంటు లైన్‌మన్‌గా చేసి మొన్ననే రిటైరైన మనిషి. ఊళ్ళో దానయ్య లేచి నిలబడేది ఆయన ఒక్కడికే.

"పానకాలు వస్తానన్నాడు, వచ్చాడా దానయ్యా?"

"పానకాలెవరు? ఎవడో ఎడంచేతి వాటపోడు వచ్చాడు. తరిమేశా."

వీరబాబు అరుగు మీద కూలబడ్డాడు.

"వాడిది ఎడంచేతి వాటం కాదయ్యా. వాడికి ఉన్నది ఆ చెయ్యి ఒక్కటే. జేబులో దోపుకునేది ఉత్త చొక్కా చెయ్యి."

దానయ్యకు అర్థం కాలేదు.

"మీ ఆవిడ పోయిన రోజు పరిగెత్తింది వాడే. కాలవ కట్ట అవతల ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి, కరెంటు తియ్యడానికి. స్విచ్చికి ఎర్తు సరిగా లేదు. చేతికి గ్లవ్సులు లేవు. ఆ సంగతి తెలిసే లాగాడు. అక్కడే పడిపోతే ఎవరో గుంటూరు తీసుకెళ్ళారు. చెయ్యి తీసేశారు. కాంట్రాక్టరు వాణ్ణి ఎరగనన్నాడు."



"ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు వీరబాబు గారూ?"

"ఆ రోజు అక్కడ ఉండాల్సింది నేను. డ్యూటీ వదిలేసి వినుకొండ పెళ్ళికి పోయా. చెబితే నా ఉద్యోగం పోయేది."

దానయ్య లేచి రోడ్డు దాకా వెళ్ళాడు. చిలకలూరిపేట ఆటో వెళ్ళిపోయింది. దుమ్ము కూడా అణిగిపోయింది.

"పేటలో మిల్లు దగ్గర వాచ్‌మన్‌గా ఉన్నాడు. రేపు పోదాం పద," అన్నాడు వెనకాలే వచ్చిన వీరబాబు.

"ఏ మొహం పెట్టుకుని? మీరు ఇంటికి పొండి." ఈసారి దానయ్య 'గారూ' అనలేదు.

సోమవారం పొద్దున ఇమ్మానుయేలు గుమ్మంలో నిలబడ్డాడు.

"చెప్పు నాన్నా. చేరనా? నోటిఫికేషన్ కోసం ఆగనా?"

దానయ్య కవరు తెచ్చి కొడుకు చేతిలో పెట్టాడు.

"ఎవరి కింద చేరినా ఇవి లేకుండా స్తంభం ముట్టుకోమాక."

"ఎవరిచ్చారు నాన్నా?"

"అది నన్ను మళ్ళీ అడగమాక."

కొడుకు అడగలేదు. ఆ రోజు రెబ్కాను ఎత్తిన తన రెండు చేతులూ ఇంకా ఉన్నాయంటే, అంతకు ముందు క్షణం పానకాలు చెయ్యి కాలిపోబట్టేనని దానయ్య బతికినంత కాలం ఎవరితోనూ అనలేదు.