ఓడలో ఏడ్చిన మొగుడు

"'నిన్ను తలుచుకుని రోజూ ఏడుస్తున్నాను గురవమ్మా...'" ఉత్తరం చదివింది పంతులమ్మ దయామణి.

"ఏడవనీ," అంది గురవమ్మ, మిరపకాయల తొడిమలు తుంచుతూ. "ఇంకేంది రాశాడు మా మిలట్రీ మొగోడు?"

"ఓడెక్కి నెల దాటిందంట, రేవులో ఆగింది ఒక్కసారేనంట, అక్కణ్ణించే ఈ ఉత్తరం వేశాడంట. తిన్న ముద్ద కడుపులో నిలవట్లేదంట. నిన్ను కొట్టిన చేతులు చూసుకుంటే సిగ్గేస్తందంట."

గురవమ్మ పక్కకి తిరిగి తుపుక్కున ఉమ్మింది. "నిండు నెలల్లో ఉన్నదాన్ని కాలెత్తి తన్నాడు. పుట్టిన బిడ్డ ఏడవను కూడా లేదు. ఆ రోజు ఏమైందంట ఈ సిగ్గు?"

దయామణి ఉత్తరంలోంచి తలెత్తింది. "తెల్లోళ్ళ యుద్ధానికి పోయినోడు అక్కా. సముద్రం మనిషిని మార్చిందేమో."

"సముద్రమేం మార్చలా. తన్నడానికి అక్కడ పెళ్ళాం లేదు, అంతే."

"ఓడ మునుగుద్దేమోనని చానా భయంగా ఉందంట. మన్నించానని ఒక్క ముక్క రాయించమన్నాడు."

గురవమ్మ చేతులు ఆగాయి. నడిసముద్రంలో చావుభయంతో వణుకుతున్న మొగుడు బాలకోటయ్య కళ్ళముందు మెదిలాడు. జాలేసింది. ఆ జాలి తనని మళ్ళీ ఎవరి కాళ్ళ దగ్గర పడేస్తుందో కూడా తెలిసింది.

"మన్నించాననే రాయి," అంది.

దయామణి కళ్ళు తుడుచుకుని గబగబా రాసింది.

"దాని కిందే ఇదీ రాయి. ఆయనొచ్చేసరికి నేనీ ఇంట్లో ఉండను. మాచర్లలో మా అక్క దగ్గరుంటా. అక్కడికి రావద్దు."

దయామణి కలం ఆగిపోయింది.

"రాయమ్మా," అంది గురవమ్మ. "మెత్తబడి ఉన్నాడుగా, ఇప్పుడే చదువుకోనీ."