మూడు కేకలు

“మూడుసార్లు అరిస్తినమ్మా. పలక ఇడుస్తాండా, పక్కకు పోండని.” మేస్త్రీ తిరుపాల్ గడప బయటే నిలబడి, పోలీసులకు చెప్పిన మాటే మంజులకూ చెప్పాడు.

మూడో అంతస్తు నుంచి అతను వదిలిన సెంట్రింగు పలక తలమీద పడి ఆమె భర్త చౌడప్ప చనిపోయి అయిదు రోజులైంది. ఆమె దుమ్మెత్తిపోస్తుందనే అనుకుని వచ్చాడు.

“నువ్వు అరిచింటావులేన్నా,” అంది మంజుల. “ఆయనకే ఇనపడల్యా.”

“వీధి చివరిదాకా ఇనపడేట్ల అరిస్తి.”

“ఇరవై ఏండ్లు ధర్మవరంలో మరమగ్గాల మోతలో పనిచేసినాడు. చెవులు రెండూ పోయినాయన్నా. మగ్గాలు నిలిచిపోయి నీ కాడికి కూలికి వచ్చేటప్పుడు, ఆ సంగతి చెప్పొద్దని నేనే అంటి. చెప్తే నువ్వు పనిలో పెట్టుకోవని.”

తిరుపాల్‌కు అప్పుడు గుర్తొచ్చింది. తాను కేకేసినప్పుడల్లా చౌడప్ప ముందు పక్కవాళ్ల వైపు చూసేవాడు. వాళ్లు కదిలాకే కదిలేవాడు. నిదానస్తుడులే అనుకున్నాడు ఇన్నాళ్లూ.

ఆ రోజు, కింద తల వంచుకుని పనిలో ఉండిపోయిన చౌడప్ప పక్కన ఎవరూ లేరు. ఎవరికీ దెబ్బ తగలకూడదని, పైనుంచే కేకేసి అందరినీ టీకి పంపింది తానే.