సెప్పు

ఆమె పెన్ను కూడా తియ్యలేదు. ఆదివారం అనుబంధంలోని గళ్ళ మీద ఒకసారి వేలు నడిపి, చిన్నగా నవ్వి, పత్రిక మడిచేసింది.

ఎదురుగా కూర్చున్న ఉదయభాస్కర్‌కి ఒళ్ళు మండింది.

శ్రీకాకుళం గ్రంథాలయంలో గళ్ళ నుడికట్టు అంటే తెలుగు మాస్టారు ఉదయభాస్కరే. ఒక్క తప్పూ లేకుండా నింపి పంపేదీ ఆయనే, పత్రికలో పేరు పడేదీ ఆయనదే. ఈ కొత్తావిడ రావడం మొదలయ్యాక మాత్రం ప్రతి గడీ ఎంగిలి పడినట్టుంటోంది.

'కడప నుంచి వెనక్కొస్తే నిద్రకి చోటు.'

పడక! గర్వంగా తలెత్తాడు. మొదటి అడుగులేసే పిల్లాణ్ణి చూసినట్టు ఆమె ఆయన్నే చూస్తోంది.

ఆ చూపు ఆయనకి ముల్లులా గుచ్చుకుంది.

నాలుగు నిలువు దగ్గర పెన్ను ఆగింది.

'సిక్కోలు కాలికి తొడిగితే నోరు విప్పమన్నట్టే.' రెండక్షరాలు.

"ఏటి మాస్టారూ, ఆగిపోనారు?" అన్నాడు లైబ్రేరియన్ గణపతిరావు.

"అచ్చుతప్పు. 'చెప్పు' రావాలి. అడ్డంలో 'సెలయేరు' ఉంది. 'చె' ఎలా కుదురుతుంది?"

"ఓపాలి మీ అమ్మతో మాటాడినట్టు పలకండి మాస్టారూ," అంది ఆమె మెల్లగా.

గణపతిరావు బల్ల చరిచాడు. "ఓలమ్మో, సెప్పు! కాలికీ సెప్పే, నోరిప్పీ సెప్పే! మాస్టారు ఇంటి మాట కాడే బోల్తా కొట్టేసినారు!"

గదంతా నవ్వింది. ఉదయభాస్కర్ కూడా నవ్వాడు. ఆ యాసను నాలుక మీంచి తుడిచేసుకోవడానికి ఆయనకి సగం జీవితం పట్టింది. ఆవిడ ఒక్క మాటతో దాన్ని మళ్ళీ నోట్లో పెట్టింది.

జవాబు సరైనదేనని ఆయనకి తెలుసు. మంట అందుకే.

ఆవిణ్ణి ఏమీ అనలేక, ఇంటికి వెళ్ళగానే పత్రికవాళ్ళకి వాట్సాప్‌లో ఫిర్యాదు పంపాడు. 'అక్షరం రానివాళ్ళతో గళ్ళు కూర్పిస్తే భాష ఏమవ్వాలి?'

తర్వాతి ఆదివారం ఆమె రాలేదు. ఉదయభాస్కర్ హాయిగా కాళ్ళు చాపుకున్నాడు.

గళ్ళు టీ చల్లారేలోపే నిండిపోయాయి. 'సూర్యుడు' అంటే రవి. 'నీరు' అంటే జలం. ఒక్క మెలిక లేదు, ఒక్క కొంటెతనం లేదు. గెలిచినట్టే అనిపించలేదు.

రెండో వారమూ అంతే. ఉండబట్టలేక పత్రికకి ఫోన్ చేసి తన పేరు చెప్పాడు.

"కూర్పు మారిందేంటండీ?"

"మీ ఫిర్యాదు చూసి పాత ఆవిడ మానేశారండీ. ఆ సిక్కోలు ఆధారం మీకు నచ్చుతుందని మీకోసమే పెట్టారట."

"నాకోసమా? నేనెవరో ఆవిడకెలా తెలుసు?"

"గ్రంథాలయం చిరునామాతో ప్రతిసారీ అన్నీ ఒప్పే పంపేది మీరొక్కరేగా. మీరెలా పూరిస్తారో కళ్ళారా చూడాలని, కొన్నాళ్ళు ఆదివారం ఆదివారం ఎస్.కోట నుంచి బస్సెక్కి మీ గ్రంథాలయానికే వచ్చేవారండీ ఆవిడ."