రెండో బ్రేకు

కూతురు పోయిన రోజు, ఆ వేళకు, డ్రైవింగ్ మాస్టారు వేరే వీధిలో ఎవరికో రివర్స్ నేర్పుతున్నారు.

ఆమె కాలేజీ గేటు ముందు రోడ్డు దాటుతోంది. కారు పెద్ద వేగంగా కూడా లేదు. నడుపుతున్నవాడి ఫోను డాష్‌బోర్డు తెరకు కలిపి ఉంది. తెర మీద ఒక మెసేజ్ వచ్చింది.

“ఒక్క వాక్యమేనండీ. చదివి తలెత్తేసరికి ఎదురుగా ఉంది,” అని అతను పోలీసులకు చెప్పాడు.

శిక్ష ముగిసింది. లైసెన్స్ మళ్లీ కావాలంటే ఏదైనా డ్రైవింగ్ స్కూల్లో మొదటినుంచీ నేర్చుకుని, నేర్పినవారి సంతకం తెచ్చుకోవాలన్నారు. అతను నేరుగా మాస్టారి స్కూలుకే వచ్చాడు.

మాస్టారు కాదనలేదు. క్షమించే ఉద్దేశం కూడా ఆయనకు లేదు.

మిగతావాళ్లను కారెక్కగానే ఫోను ఆపేయమనే మనిషి, ఇతన్ని మాత్రం ఫోను తెరకు కలపమన్నారు. ఊరంతా తిప్పించి, సరిగ్గా ఆ కాలేజీ గేటు దగ్గరికి రాగానే, జేబులో ఉన్న అద్దం పగిలిన ఫోను మీద బొటనవేలు నొక్కేవారు. ఆ రోజు వచ్చిన మెసేజే, అక్షరం మారకుండా, తెర మీదికి వచ్చేది.

అతని కళ్లు అటు పోయేవి. మాస్టారి కాలు తన వైపున్న రెండో బ్రేకు మీద పడేది. కారు విదిలించినట్టు ఆగేది. బెల్టు అతని ఛాతీని ఒరుసుకునేది. ఆ క్షణం కోసమే మాస్టారికి తెల్లారేది.

“చూశారు.”

“చూశాను మాస్టారూ.”

“ఇప్పుడు ఎదురుగా ఎవరైనా ఉంటే?”

అతను గేటు వైపు చూశాడు.

“అడుగుతున్నాను. ఎవరైనా ఉంటే?”

“పోయేవాళ్లు.”

“రేపు రండి.”

ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయికి ఇది మింగుడు పడలేదు.

“ఎన్నాళ్లండీ మాస్టారూ ఇలా? మొన్న కారు దిగి, అక్కడే గోడ పట్టుకుని వాంతి చేసుకున్నాడు.”

“నీళ్లిచ్చావా?”

“ఇచ్చాను.”

“ఇవ్వకుండా ఉండాల్సింది.”

“బాబోయ్! మీతో ఇంట్లో ఎలా వేగుతున్నారండీ? అమ్మగారైనా ఏమీ అనరా?”

“ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది.”

“మంచిపని చేశారు,” అనేసి నాలుక కరుచుకుంది. “అయినా ఊళ్లో ఇన్ని స్కూళ్లుండగా ఇక్కడికే ఎందుకొస్తాడో!”

“ఇంకెక్కడికి పోతాడు?” అన్నారు మాస్టారు.

ఆ అమ్మాయి ఊరుకోలేదు. అతను వచ్చినప్పుడు అతన్నే అడిగింది.

“ఈయన మీకు జన్మలో లైసెన్స్ రానివ్వరు. పక్క వీధిలో వాళ్లయితే అడగ్గానే సంతకం పెట్టేస్తారు, తెలుసా?”

“నాకు లైసెన్స్ అక్కర్లేదండీ,” అన్నాడతను. “ఆయన సంతకం కావాలి.”

ఆ సాయంత్రం కాలేజీ వదిలే సమయానికే గేటు దగ్గరికి చేరారు. మాస్టారి బొటనవేలు కదిలింది. తెర వెలిగింది.

అతని చూపు రోడ్డు మీదే ఉంది. గేటులోంచి పిల్లలు గుంపుగా బయటికొస్తున్నారు. అతను మెల్లగా కారు ఆపాడు. చివరి అమ్మాయి కూడా దాటేదాకా ఆగాడు.

మాస్టారి కాలు రెండో బ్రేకు పైన గాల్లోనే ఉండిపోయింది.

“చదవలేదేం?”

“చదవక్కర్లేదు మాస్టారూ. కంఠతా వచ్చు.”

పక్కకు తీసి ఇంజను ఆపమన్నారు. సంచిలోంచి ఫారం బయటికి తీశారు. పెన్ను మూత తీశారు. అతను ఆ చేతినే చూస్తున్నాడు.

తేదీ వేశారు. పెన్ను అక్కడే ఆగింది.

“ఆ రోజు కూడా ఇలాగే చదవకుండా ఉండాల్సింది.”

“అవును మాస్టారూ.”

పెన్ను మూత పెట్టేశారు. రేపు రమ్మని మాత్రం అనలేదు. దిగనూ లేదు. అతనూ దిగలేదు. పిల్లల గోల దూరమైంది.

వాళ్లిద్దరి మధ్య తెర ఇంకా వెలుగుతూనే ఉంది. మెసేజ్ చూపిస్తూ, జవాబు పంపాలా అని అడుగుతూ.

‘అన్నయ్యా, గేటు బయటే ఉన్నా, నాన్న వచ్చేలోగా నన్ను ఇంట్లో దింపెయ్’ అన్న ఆ ఒక్క వాక్యానికి కొడుకు ఇంకా జవాబివ్వలేదు, తండ్రి ఇంకా సంతకం పెట్టలేదు.