బొమ్మల గదిలో ఇంకొకడు

గుమ్మంలోనే కృపావరం ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

ఆ ముసలివాడు ఇవాళ కూడా వచ్చాడు.

కృపావరం అమీర్‌పేట మిషన్ బడిలో పంతులు. వారమంతా పిల్లల గోల, తోటి పంతుళ్ల జర్మనీ యుద్ధం ముచ్చట్లు. ఆదివారం ప్రార్థన ముగియగానే ఎవరి కంటా పడకుండా జారుకుని, పంజాగుట్ట దాకా ఒంటరిగా నడిచేవాడు. అక్కడ జాగీర్దారు బంగళాలో, ఆదివారాలు ఎవరైనా వచ్చి చూడగలిగేలా, రంగుల బొమ్మలు తగిలించిన గది ఒకటుంది. ఒక్కో బొమ్మ ముందు తనివితీరా నిలబడేవాడు. ఎవరితోనూ మాట్లాడే పని లేదు. అతను తప్ప అక్కడికి వచ్చేవాళ్లూ లేరు.

ఈమధ్యే ఈ పీడ దాపురించింది.

గది నడుమ బల్ల మీద కూర్చుంటాడు. ఒళ్లంతా బీడీ కంపు. పుసికారే కళ్లను అంగీ కొసతో తుడుచుకుంటాడు. గొంతులో కఫం గురగురమంటుంది. తలెత్తి ఒక్క బొమ్మనూ చూడడు.

కృపావరం అటు వీపు పెట్టి, కొండరాళ్ల మీద పొద్దువాలుతున్న బొమ్మ ముందు నిలబడ్డాడు.

ఆ ఎర్రటి వెలుగులో మనసు కుదురుకుంటుండగా వెనక ఖళ్లుమని దగ్గు.

ముసలివాడు చేతిగుడ్డలో ఉమ్మి, దాన్నే మడిచి జేబులో పెట్టుకున్నాడు.

కృపావరం రెండడుగులు అతని మీదికి వచ్చాడు.

"ఓ తాతా! బొమ్మలు సూడవు, ఏం సూడవు. ఈడికెందుకొస్తవ్?"

"జరసేపు కూసుంట బిడ్డా, అంతే."

"కూసునేటందుకు ఊర్ల ఇంకెక్కడ జాగ లేదా? నిన్ను సూసి ఇంటికి పోతే నాకు ముద్ద సుత దిగుతలేదు. జర నన్ను ఒక్కణ్ణి సూసుకోనియ్యి!"

ముసలివాడి మొహం చిన్నబోయింది.

"నేనుంటె నీకు అడ్డమా?"

"అడ్డమే!"

ముసలివాడు లేచాడు. గోడ పట్టుకుని, తూలుతూ బయటికి నడిచాడు.

'పైగా తాగుడు కూడానా!' కృపావరం మొహం తిప్పుకున్నాడు.

ముసలివాడు మళ్లీ రాలేదు. గది కడిగినట్టుంది.

వానలు మొదలయ్యాక ఒక ఆదివారం, తలుపు తీస్తున్న చౌకీదారు హనుమాండ్లుతో కృపావరం తనంతట తానే మాట కలిపాడు.

"గిప్పుడు మంచిగున్నది హనుమాండ్లూ. గా ముసలోని పీడ పోయింది."

హనుమాండ్లు తాళాన్ని కొక్కేనికి తగిలించాడు.

"పోయిండు పంతులూ. మొన్ననే మట్టి చేసినం."

"అయ్యో... ఎవరాయన?"

"ముసలితనంల ఆయనకు కండ్లు పోయినయ్. మీ అడుగులు ఏ బొమ్మకాడ ఎంతసేపు ఆగుతయో ఇనేటందుకే వస్తుండె. గివన్నీ ఆయన ఏసినయే గద పంతులూ."